మెరకకో రంగు, పల్లానికో రంగు

మా ఇంటి ముందు వాలు మడిలో పూలకన్నా ఆకుల రంగులే పెంచుతున్నాను. నెల్లూరులో వాలు మడి ఎక్కడిదని అడుగుతారేమో. మా వైపంతా పెన్న పరిచిన బల్లపరుపు నేలే. కానీ మా వీధికి ఇరవై ఏళ్లలో మూడుసార్లు రోడ్డు వేశారు. వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వి తీయకుండా దాని మీదే కొత్త పొర పోశారు. ఇల్లు కట్టినప్పుడు గేటూ వరండా మెట్టూ ఒకే మట్టంలో ఉండేవి. ఇప్పుడు గేటు తీసి చూస్తే ఇల్లు పల్లంలో కూర్చుని ఉంటుంది. మధ్యలో ఉన్న పన్నెండు అడుగుల్లో నేల రెండున్నర అడుగులు దిగుతుంది. ఉదయగిరి వాళ్లకీ కనిగిరి వాళ్లకీ వాలు దేవుడిచ్చాడు, మాకు కాంట్రాక్టరు ఇచ్చాడు.

ఆ వాలు మొదట్లో ఒట్టి మట్టి. గేటు పడమర వైపు కాబట్టి పై కొస మీద మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగుంకే దాకా ఎండ సూటిగా పడుతుంది. నడుమ వేపచెట్టు నీడ. కింద వరండా పక్కన రోజంతా మసక. పూల మొక్కలు పెడితే పైన మాడిపోయాయి, కింద పూయడం మానేశాయి. ఇలా ఉండగా మా అక్క కూతురు ఒహాయో నుంచి ఒక ఫోటో పంపింది. దాని పెరడు కూడా ఏటవాలే. పెద్ద మేపుల్ చెట్ల కింద, నీడలో, ఆకులే ఆకులు. కొన్ని నీలం కలిసిన బూడిద రంగు, కొన్ని నిమ్మపండు పసుపు, కొన్నిటికి సున్నం గీసినట్టు తెల్లటి అంచు. ఒక్క పువ్వు లేదు, అయినా ఆ మూల అంతా దీపం పెట్టినట్టుంది. ‘పిన్నీ, వీటిని హోస్టాలంటారు. నీ వాలుకి ఇవే పెట్టు’ అని రాసింది.

నేను ఊరుకోకుండా ఆన్‌లైన్లో వెతికి, ఐదు దుంపల పొట్లం తెప్పించాను. అల్లం కొమ్ముకి మీసాలు మొలిచినట్టున్నాయి. రెండు మొలిచాయి. ఫిబ్రవరిలో అరచేయంత ఆకులు, లేత పచ్చ. ఫోటోలోని నీలం జాడ లేదు. ఏప్రిల్లో అంచులు అప్పడంలా అయ్యాయి. రోహిణి కార్తె రాకముందే రెండూ పోయాయి. చచ్చిన దుంపను సంచిలో వేసుకుని, నేనెప్పుడూ మొక్కలు కొనే నర్సరీకి తీసుకెళ్లి చూపించాను. ఆ పెద్దాయన గోటితో గిల్లి చూసి, ‘ఇది చలికి పండుకునే చెట్టు మా. ఈడ దానికి నిద్రేడుంది?’ అన్నాడు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నదంతా ఆ మాటకి వివరణే.

నిద్ర లేని మొక్క

హోస్టా పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. అడవుల నీడలో, కొండవాలుల మీద, వాగుల ఒడ్డున పెరిగే మొక్క. జపాన్లో దీని లేత మొలకల్ని కూరగా తింటారు కూడా. జర్మన్ వైద్యుడు సీబోల్డ్ 1830 ప్రాంతంలో జపాన్ నుంచి ఐరోపాకి తెచ్చిన మొక్కల్లో హోస్టాలు చాలానే ఉన్నాయి. పేరు మాత్రం అంతకు ముందే, 1812లో, ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త నికొలస్ హోస్ట్ గౌరవార్థం పెట్టారు. కుటుంబం మనకు కొత్తదేమీ కాదు. మన పిల్లితీగ, అదే శతావరి, ఏ కుటుంబమో హోస్టాది కూడా అదే. వరండాల్లో కనిపించే స్నేక్ ప్లాంట్ కూడా ఆ ఇంటిదే.

బంధుత్వం ఉన్నంత మాత్రాన అలవాట్లు కలవాలని లేదు. శతావరి మన ఎండల్ని తట్టుకుంటుంది. హోస్టాకి చలికాలం లేనిదే ఏడాది పూర్తి కాదు. చలి మొదలవగానే ఆకులన్నీ రాల్చేసి, దుంపలో ఆహారం దాచుకుని, మంచు కింద పడుకుంటుంది. ఆ నిద్రలోనే దాని మొగ్గల్లో తర్వాతి ఏడాది ఆకులు సిద్ధమవుతాయి. అయితే ఎంత చలి కావాలి? సుమారు 5 డిగ్రీలకు దిగువన 600 నుంచి 700 గంటలు అని దీన్ని పెంచేవాళ్లు లెక్క చెబుతారు. అంటే రాత్రింబగళ్లు కలిపి దాదాపు నాలుగు వారాల చలి. నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఇక్కడ మనం దుప్పటి కప్పుకుంటే అది చలికన్నా దోమలకే. సరిపడా చలి దొరకని దుంప దాచుకున్నదంతా ఖర్చుపెట్టి ఒకసారి మొలుస్తుంది, రెండోసారి చిన్నగా మొలుస్తుంది, మూడోసారి మొలవదు. మనం ఎండ చంపిందనుకుంటాం. నిజానికి అది నిద్ర లేక పోయింది, ఎండ దహనం చేసిందంతే. ఆపిల్ చెట్టు మన ఊళ్లో ఎందుకు కాయదో, ఇదీ అందుకే.

వెచ్చని దేశాల్లో పట్టుదల ఉన్నవాళ్లు ఏటా దుంపల్ని తవ్వి, నెలా నెలన్నర ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ నాటుతారు. చెయ్యొచ్చు. కానీ కూరగాయల అరలో హోస్టా దుంపల్ని పెట్టి, అవి అల్లం కాదని ఇంటిల్లిపాదికీ చెప్పి, ఆరు వారాలు కాపలా కాసి, ఆ తర్వాత మే నెలని దాటించడం అనేది తోటపని కాదు, వ్రతం.

విత్తనాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నెమలి నీలం, గులాబీ, ఎరుపు ఆకులున్న హోస్టాల బొమ్మలు పెట్టి విత్తనాలు అమ్మేవాళ్లు ఆన్‌లైన్లో ఎక్కువ. ఆకంతా ఎర్రగానో, ఇంకు నీలంగానో ఉండే హోస్టా లేదు. ఉన్న రంగులు నాలుగు: ఆకుపచ్చ, పసుపు, తెలుపు, బూడిద కలిసిన నీలం. అంచుకీ నడుముకీ వేరువేరు రంగులున్న రకాలు విత్తనం నుంచి దాదాపు ఎప్పుడూ అలాగే రావు, ఒకే రంగు మొక్కలొస్తాయి. అలాంటివి ఎక్కడో ఒక మొక్కలో అనుకోకుండా పుడతాయి. వాటిని పిలకలు విడదీసో, ప్రయోగశాలలో టిష్యూ కల్చర్‌తోనో పెంచాల్సిందే. అమెరికాలో పేరుపడ్డ ఒక పసుపు అంచు రకం అలాగే 1936లో ఒక నర్సరీ వరుసలో ఫ్రాన్సెస్ విలియమ్స్ అనే ఆమె కంటబడింది. రకానికి ఆమె పేరే నిలిచింది. ఇక మా అక్క కూతురు ఈసారి వచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు పిలకలు తెస్తానంది, వద్దన్నాను. బయటి దేశం నుంచి మొక్క తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందే అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధృవపత్రం ఉండాలి. వేరుకి అంటిన చిటికెడు మట్టిలో ఏ పురుగు గుడ్లున్నాయో ఎవరికి తెలుసు.

జిల్లేడాకు పాఠం

హోస్టా పోయింది. నాకు నచ్చింది హోస్టానా, అది చేసిన పనా అని అప్పుడు ఆలోచించాను. ఫోటోలోని ఆ మొక్క నాలుగు పనులు చేస్తోంది. నీడలో వెలుగు ఇస్తోంది. వెడల్పాటి ఆకుతో మట్టిని కప్పి వాన దెబ్బ కాస్తోంది. వేళ్లతో వాలుని పట్టి ఉంచుతోంది. గడ్డుకాలంలో కిందికి వెళ్లి దాక్కుంటోంది. ఒహాయోలో ఈ నాలుగూ ఒక్క మొక్కే చేస్తుంది. మన దగ్గర ఒక్కటి చెయ్యదు, నలుగురికి పంచాలి. పంచే ముందు ఆకుకి రంగు ఎలా వస్తుందో తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి. నర్సరీలో రంగు చూసి కొని, ఇంటికొచ్చాక ‘పచ్చగా అయిపోయింది’ అనో ‘మాడిపోయింది’ అనో తిట్టుకునేది ఈ ఒక్క విషయం తెలియకే.

రోడ్డు పక్క జిల్లేడాకు ఒకటి పట్టుకుని, పాలు అంటకుండా, బొటనవేలితో గట్టిగా రుద్దండి. పైనున్న బూడిద రంగు పొడి వేలికి అంటుకుంటుంది, రుద్దిన చోట ముదురు పచ్చ బయటపడుతుంది. ఆ పొడి మైనం. హోస్టా నీలం కూడా ఇంతే. లోపలి ఆకు పచ్చనే, పైన మైనపు పూత ఉండటంతో కాంతి చెదిరి నీలంగా కనిపిస్తుంది. ఎండకీ వానకీ ఆ పూత అరిగిపోతుంది కాబట్టే నీలం హోస్టాలని చిక్కటి నీడలో పెడతారు, అప్పటికీ వేసవి చివరికి అవి పచ్చబడతాయి. క్యాబేజీ పై ఆకు మీదుండేదీ ఇదే పూత.

తెలుపు వేరు. తెల్లగా ఉన్న చోట ఆకుకి పత్రహరితం లేదు. అంటే ఆ భాగం వంట చెయ్యదు, పచ్చ భాగం వండింది తింటుంది. కాబట్టి తెలుపు ఎక్కువున్న మొక్క నిదానంగా పెరుగుతుంది, ఎండ తగిలితే ముందు తెల్ల భాగమే మాడుతుంది. తెల్ల చారల మొక్కకి ఎక్కడో ఒక పచ్చ కొమ్మ పుడితే అది మిగతావాటిని దాటి ఎదిగిపోతుంది, పూర్తి కూలీ చేసేది అదొక్కటే కదా. కనిపించగానే మొదలంటా తుంచెయ్యాలి. జాలిపడితే ఏడాదిలో మొక్కంతా పచ్చగా అవుతుంది. మా మనీప్లాంట్ విషయంలో జాలిపడ్డాను.

ఎరుపు, ఊదా మళ్లీ వేరు. వీటికి రంగునిచ్చే పదార్థాలు ఆకులో అదనంగా తయారవుతాయి. రంగురంగుల ఆకుల కోలియస్ మొక్కలో ఉండేది మన వంకాయ తొక్కలోనూ నేరేడుపండులోనూ ఉండే రంగే. తోటకూర చుట్టం ఆల్టర్నాంతెరాలో ఉండేది మాత్రం ఎర్ర తోటకూర రంగు, వండితే అన్నానికి దిగేది. రసాయనం వేరైనా చాలావరకు ఇవి మొక్కకి ఎండ గొడుగులా పనికొస్తాయి. గొడుగు ఎండలోనే కదా తీస్తాం! నీడలో పెడితే చాలా ఎర్ర మొక్కలు గొడుగు ముడిచేసి పచ్చబడతాయి. క్రోటన్, అకాలిఫా, ఆల్టర్నాంతెరా ముగ్గురిదీ ఇదే తంతు.

కాబట్టి నాకు తేలింది ఇది: తెలుపు నీడ అడుగుతుంది, ఎరుపు ఎండ అడుగుతుంది, పసుపు ఈ రెంటి మధ్య రాజీపడుతుంది. మినహాయింపులు లేకపోలేదు. చేమలాంటి ఆకులుండే కెలాడియం నీడలోనూ ఎర్రగా ఉంటుంది, కుండీల్లో పెంచే ఎర్ర అగ్లోనిమా కూడా. అయినా కొనేటప్పుడు ఈ లెక్క పదికి ఎనిమిదిసార్లు నిలబడుతుంది.

ఇంకొక సంగతి కంటిది. చీకటి మూలని వెలిగించాలంటే ముదురు ఎరుపు పెట్టకూడదు. సందెవేళ వరండాలో కూర్చుని చూడండి. ముందు ఎరుపు నల్లబడుతుంది, ఆ తర్వాత పచ్చ కలిసిపోతుంది, తెలుపూ లేత పసుపూ చివరిదాకా కనిపిస్తాయి. కరెంటు పోయిన రాత్రి మా మడిలో దారి చూపించేది తెల్ల కెలాడియంలే.

వాన పెట్టిన పరీక్ష

రంగు లెక్క తేలాక నేను చేసిన తప్పు వాలుని మరచిపోవడం. 2023 సెప్టెంబరు చివర్లో మొక్కలన్నీ తెచ్చి, మెట్టు నుంచి గేటు దాకా నిలువు వరుసలుగా, చూడముచ్చటగా నాటాను. మట్టి మీద తేమ ఆగాలని ఊక పరిచాను. డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. రెండు రోజుల వాన తర్వాత తలుపు తీస్తే ఊకంతా వరండాలో తేలుతోంది. నా నిలువు వరుసల మధ్య నీళ్లు కాలువలు కోసుకున్నాయి. కోలియస్‌లు వేళ్లతో సహా మెట్టు దగ్గర కుప్పగా పడున్నాయి.

వాలుకి అడ్డంగా దున్నాలని రైతు ఇంట్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నాకు పన్నెండు అడుగుల మడిలో తట్టలేదు. నిలువు వరుస నీటికి దారి, అడ్డు వరుస కట్ట. నీటి వేగం రెట్టింపైతే అది మోసుకుపోయే మట్టి రెట్టింపుతో ఆగదు, చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే నీటిని ఆపాలని చూడక్కర్లేదు, రెండడుగులకోసారి దాన్ని నడిపిస్తే చాలు, పరిగెత్తనివ్వకుండా.

మా నెల్లూరు, ఒంగోలు వైపు వానల కాలెండరు కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. మిగతా రాష్ట్రంలో చాలా చోట్ల జూన్‌లో వచ్చే నైరుతి వానలే పెద్దవి. నెల్లూరుకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే, అదీ తుపాన్ల రూపంలో, కుంభవృష్టిగా పడుతుంది. ఒంగోలు వైపు కాస్త తక్కువ, అక్కడి నుంచి పడమరకి పోతే ఇంకా తక్కువ, కానీ పడినప్పుడు గట్టిగానే పడుతుంది. తోట పుస్తకాల్లో ‘వానాకాలం మొదట్లో నాటండి’ అని రాసి ఉంటే మనం దాన్ని ఆగస్టుగా చదువుకోవాలి. వినాయక చవితి లోపు నాటేస్తే పెద్ద వానలకి ముందు వేళ్లు పట్టడానికి నెలా రెండు నెలలు దొరుకుతాయి. దసరాకి నాటిన మొక్క వానకి ఆహారం.

రెండోసారి ఇలా చేశాను. చీమకుర్తి గ్రానైట్ కోసే చోట పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆటోలో కాసిని తెప్పించి, వాలుకి అడ్డంగా మూడు వరుసలు, సగం లోతు మట్టిలోకి పాతించాను. మూడు మెట్లయ్యాయి. బొమ్మల కొలువులా. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే తెల్ల ఆకు పక్కన ఎంత బాగుంటుందో! ప్రతి మొక్కకీ దిగువ వైపు మట్టి ఎత్తి అర్ధచంద్రాకారంలో పాదు కట్టాను. పై వరుసలో రెండు మొక్కల మధ్య ఉన్న సందుకి ఎదురుగా కింది వరుసలో మొక్క వచ్చేలా పెట్టాను, సందులోంచి దిగిన నీళ్లు దానికి తగిలి ఆగుతాయి. ఊక బదులు పాత గోనె సంచులు విప్పి పరిచి, కొబ్బరి పుల్లల కట్టలు మేకుల్లా దించాను. మొక్క పెట్టాల్సిన చోట మాత్రం గోనెకి కత్తిరింపు. ఏడాదికి గోనె చివికి మట్టిలో కలిసింది, అప్పటికి ఆకులు నేలని కప్పేశాయి. గేటు వారగా, పై అంచున, వట్టివేరు వరుస ఒకటి. దాని వేళ్లు పక్కకి కాక నిట్టనిలువుగా కిందికి దిగుతాయి, ఏళ్లు గడిస్తే రెండు మూడు మీటర్లు. రోడ్డు మీంచి దూకే నీళ్లకి మొదటి అడ్డు అదే.

ఎవరెవరు ఎక్కడ

మెరక మీద తేమ నిలవదు, పల్లంలో నీరు వదలదు. ఒకే మడిలో అడుగు దూరంలో రెండు ఊళ్లున్నట్టు. నర్సరీలో ‘మా మడికి ఏది బాగుంటుంది’ అని అడిగితే జవాబు రాదు. ‘పై వరుసకి ఏది, కింది వరుసకి ఏది’ అని అడగాలి.

పై వరుసకి పడమటి ఎండ, ఎండిపోయే మట్టి. ఇక్కడ రియో పెట్టాను. పైన పచ్చ, అడుగున వంకాయ రంగు, కత్తుల్లాంటి ఆకులు. పల్లంలో నిలబడి పైకి చూస్తే ఆకుల అడుగు భాగమే కనిపిస్తుంది, కాబట్టి వాలు మీద దీని ఊదా రెట్టింపుగా తెలుస్తుంది. చదును నేలలో ఈ సొగసు సగం వృథా. దాని పక్కన పర్పుల్ హార్ట్. కణుపు కణుపుకీ వేళ్లు వేస్తూ పాకుతుంది, తుంచి మట్టి మీద పారేసినా బతుకుతుంది, మట్టిని కుట్టేసినట్టు పట్టేస్తుంది. ఈ రెండూ మెక్సికో వైపు నుంచి వచ్చినవి, ఎండంటే భయం లేదు. రియో రసం కొందరికి చర్మం మీద మంట పుట్టిస్తుంది, కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. వెనకగా రెండు క్రోటన్‌లు. వాటి గురించి చెప్పేదేముంది, ప్రతి ఇంట్లోనూ ఉన్నవే.

నడిమి వరుసకి వేప నీడ. పొద్దున రెండు గంటల ఎండ జల్లెడ పట్టినట్టు పడుతుంది. కోలియస్‌కి ఇది స్వర్గం. దాని కాండం వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలుగా తగులుతుంది, తులసిలాగా, వాము ఆకులాగా. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. పూల కంకి వచ్చిందంటే ఆకుల రంగు తగ్గిపోతుంది, కంకి కనబడగానే గిల్లెయ్యాలి. ఏడాదికోసారి ముదిరి కర్రలా అవుతుంది, కొమ్మలు తుంచి కొత్తవి గుచ్చుకోవాలి. వాలు మీద ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, వేళ్లు పై పైనే ఉంటాయి. మధ్య మధ్య స్పైడర్ ప్లాంట్ పెడితే దాని వేళ్లు లావుగా, గడ్డల్లా అల్లుకుని దీన్ని కూడా పట్టుకుంటాయి.

స్పైడర్ ప్లాంట్ గురించి కనిగిరి వైపు వాళ్లకి ఒక మాట. ఆ చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది తరాల గోడు. మనుషుల పళ్లకీ ఎముకలకీ చేసినట్టే అది కొన్ని మొక్కలకీ చేస్తుంది. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, కార్డిలైన్ ఈ మూడూ ఫ్లోరైడ్‌ని తట్టుకోలేవు. నీళ్లతోపాటు అది ఆకు కొసకి చేరి పేరుకుంటుంది, కొస గోధుమ రంగుకి తిరిగి ఎండుతుంది. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోస్తాం, ఇంకా ఎండుతుంది. కొసలు కత్తిరించి లాభం లేదు. వాన నీళ్లు పట్టి పోసుకోవాలి, లేదంటే ఆ మూడింటినీ వదిలి వేరే మొక్కలకి మారాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో బాధ వేరు, బోరు నీళ్ల ఉప్పు. పాదు అంచున తెల్లగా పొడి కట్టిందంటే అదే. వాలుకి ఇక్కడ ఒక లాభముంది: పెద్ద వాన ఒకటి పడితే ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. నష్టం కూడా ఉంది, అదంతా పల్లంలో ఉన్న వాళ్ల నెత్తిన పడుతుంది.

ఇక కెలాడియం. హోస్టా ఫోటోకి మన దగ్గర దొరికే అసలైన జవాబు ఇదే అని నా అభిప్రాయం. గుండె ఆకారపు ఆకు, కాగితమంత పల్చన. తెలుపు మీద పచ్చ ఈనెలు, పచ్చ మీద కుంకుమ చిలకరించినట్టు చుక్కలు, గులాబీ నడుము. అమెజాన్ ప్రాంతపు మొక్క. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊరు ప్రపంచానికంతా దీని దుంపలు పండించి పంపుతుంది. మనకి కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. కెలాడియానికీ హోస్టాకీ చుట్టరికం లేదు, ఇది మన చేమకీ కందకీ చుట్టం. అయినా పని అదే చేస్తుంది, నీడలో దీపం. పైగా ఇదీ పడుకునే మొక్కే! తేడా ఏమిటంటే దీనికి నిద్ర చలితో రాదు. పొద్దు తగ్గి, నేల పొడిబారితే చాలు, డిసెంబరు, జనవరిల్లో ఆకులు వాల్చి దుంపలోకి వెళ్లిపోతుంది. వేసవి చినుకులకి మళ్లీ ముక్కు పైకి పెడుతుంది. దుంపకి చలి తగిలితే చచ్చిపోతుంది, 15 డిగ్రీల కన్నా తగ్గకూడదంటారు. మన ఊరి వెచ్చదనం హోస్టాకి ఉరి అయితే దీనికి ఊయల.

మొదటిసారి పెట్టిన కెలాడియం ఆకులు వాల్చేసరికి చచ్చిందనుకుని మా ఆయన తవ్వి పారెయ్యబోయారు. ఆగమన్నాను. ఆ చోట ఒక చిన్న గ్రానైట్ ముక్క గుర్తుగా పెట్టాను. నిద్రపోతున్నప్పుడు నీళ్లు పొయ్యకూడదు, పోస్తే దుంప కుళ్లుతుంది. చిక్కు ఎక్కడంటే, అది పడుకోబోయే ముందే మన పెద్ద వానలు. కింది వరుసలో పెట్టినవి బురదలో కుళ్లి వేలితో నొక్కితే నీళ్లు కారాయి. నడిమి మెట్టు అంచున, మట్టి ఎత్తి పెట్టినవి బతికాయి. కాబట్టి కెలాడియం నీడలో ఉండాలి, కానీ పల్లంలో ఉండకూడదు. దీనికి వాలు నిజంగా వరం. నీళ్లు వచ్చి వెళ్లిపోతాయి. ఆకులో దురద కంద లాంటిదే, పసిపిల్లలకి అందకుండా చూసుకోండి. తీగలా పాకే సింగోనియంకి, అగ్లోనిమాలకి కూడా ఇదే జాగ్రత్త.

పల్లానికి సరిపోయేది దీని చుట్టమే, చేమ. నల్ల ఆకుల రకం నర్సరీల్లో దొరుకుతుంది. నీళ్లు నిలిస్తే దానికి పండగ. కానీ ముందే చెప్పాను, చీకటి మూలలో నలుపు కనిపించదు. అందుకని దాని కాళ్ల దగ్గర లేత పచ్చ, తెలుపు కలిసిన సింగోనియం పాకించాను. ముదురు ఆకు వెనక గోడలా నిలబడితే లేత ఆకు ముందుకొస్తుంది. ఒకే ఇంటి చుట్టాలు ఒకరు మెట్టు మీద, ఒకరు మడుగులో. కలిపి ఒకేచోట పెట్టి ఉంటే రెండిట్లో ఒకటి తప్పకుండా పోయేది.

అగ్లోనిమాలు కూడా ఈ చోటుకి బాగుంటాయి, వెండి రంగువి మరీ. కానీ రకాన్ని బట్టి ధర చుక్కల్లో ఉంటుంది. నేలలో పెట్టడానికి మనసొప్పక రెండింటిని కుండీల్లోనే ఉంచి, కుండీలని మడిలో సగం పాతాను. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎత్తి వరండాలో పెట్టుకుంటాను.

మే నెల సంగతి దాచను. నలభై దాటిన రోజుల్లో నడిమి వరుస కూడా మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది. అప్పుడు కంగారుపడి నీళ్లు పొయ్యక్కర్లేదు, మట్టిలో తడి ఉన్నా ఆ వేడికి ఆకులు వాలతాయి. సాయంత్రం ఆరు దాటాక చూస్తే చాలావరకు వాటంతటవే లేచి ఉంటాయి. లేవనివాటికి మాత్రం అప్పుడు పొయ్యాలి. అదీ పైన పాదులో, నిదానంగా, సగం చెంబు పోసి అది ఇంకాక మిగతా సగం. పైపుతో కొడితే నీళ్లన్నీ జారి పల్లం చేరతాయి, మెరక అలాగే ఎండుతుంది. రెండు నెలలు పై వరుస మీద పాత పంచె ఒకటి పందిరిగా కడతాను. చూడ్డానికి బాగోదు, వచ్చినవాళ్లు అడుగుతారు కూడా.

మా అక్క కూతురికి మొన్న జనవరిలో ఫోటో పంపాను. కెలాడియంలు పడుకున్న చోట ఖాళీలు, మిగతాదంతా రంగులు. బదులుగా అది తన పెరడు పంపింది, మంచు తప్ప ఏమీ లేదు. ‘నీవి ఎక్కడ పడుకున్నాయో తెలుస్తోంది పిన్నీ, నావి ఎక్కడున్నాయో నాకే తెలీదు, మార్చిలో వెతుక్కోవాలి’ అంది. గుర్తుకి రాళ్లు పెట్టుకోమన్నాను. నాకింకా మెట్టు పక్కన సంపు మూల మిగిలి ఉంది. అక్కడ సిమెంటు అంచున జానెడు మట్టి, పైనుంచి దిగిన ఉప్పంతా అక్కడికే చేరుతుంది, ఎండ ససేమిరా రాదు. ఇప్పటికి నాలుగు రకాలు పెట్టి చూశాను. ఈ ఆగస్టులో స్నేక్ ప్లాంట్ పసుపు అంచు రకం ఒకటి, సంపు అంచు ఆనించి, పెట్టి చూడాలి.